విరాళాలు ఆపడంలో నాలుగు రకాలు: జనవరి 6 తర్వాత కంపెనీలు పట్టిన దారుల్లో ఏది మేలు?

2021 జనవరి 6 మధ్యాహ్నం వాషింగ్టన్‌లో ఒక గుంపు క్యాపిటల్ (అమెరికా పార్లమెంట్) భవనంలోకి చొరబడింది. కిటికీలు పగలగొట్టినవాళ్ళ మీద, పోలీసులను కొట్టినవాళ్ళ మీద కేసులు పడ్డాయి. 2020 అధ్యక్ష ఎన్నిక ఫలితాలను ఖరారు చేసే సభ ఆ రాత్రి మళ్ళీ మొదలయ్యాక 147 మంది రిపబ్లికన్ సభ్యులు, అంటే ప్రతినిధుల సభలో 139 మంది, సెనేట్‌లో 8 మంది, అరిజోనా, పెన్సిల్వేనియా ఫలితాల్లో ఏదో ఒకటి చెల్లదని ఓటేశారు. అది నేరం కాదు. దాని మీద కేసు పెట్టడానికి లేదు. మరి ఆ ఓటుకు జవాబు అడిగేదెవరు? ఓటర్లు అడగొచ్చు, కానీ రెండేళ్ళకోసారో ఆరేళ్ళకోసారో. ఈలోగా అడగగలిగింది వాళ్ళ ప్రచారాలకు డబ్బిచ్చేవాళ్ళే. అందుకే కొద్ది రోజుల్లోనే పెద్ద కంపెనీలు వరసగా ప్రకటనలు చేశాయి. ‘విరాళాలు ఆపేశారు’ అని అందరినీ ఒకే గాటన కట్టేశారు గానీ, దగ్గరికెళ్ళి చూస్తే అవి నాలుగు వేరు వేరు పనులు.

ముందు ఈ డబ్బు సంగతి. అమెరికాలో కంపెనీ తన ఖజానా నుంచి ఫెడరల్ అభ్యర్థికి నేరుగా ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. 1907 నుంచీ ఉన్న నిషేధం ఇది. అందుకని కంపెనీ పేరుతో పొలిటికల్ యాక్షన్ కమిటీ ఒకటి పెడతారు, పొట్టిగా పీఏసీ. మేనేజర్లు, పై ఉద్యోగులు, వాటాదారులు స్వచ్ఛందంగా ఇచ్చిన డబ్బును అది పంచుతుంది. ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 డాలర్లు మించకూడదు. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక), అసలు ఎన్నిక కలిపితే 10,000. (హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇందులో డబ్బు వేయకూడదు, గ్రీన్ కార్డ్ వచ్చాక వేయొచ్చు. మన వాళ్ళలో చాలామందికి డబ్బు వేయమనే మెయిల్ మొదటిసారి వచ్చేది అప్పుడే.)

మొదటి దారి: అందరికీ ఆపడం. సిటీ బ్యాంకు, జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, గూగుల్, ఫేస్‌బుక్ ఇలా చేశాయి. రెండు పార్టీలకూ కొన్నాళ్ళు చెక్కులు రాయం అన్నాయి. సిటీ మూడు నెలలు, జేపీ మోర్గాన్ కనీసం ఆరు నెలలు. ఎన్నిక అయిపోయి రెండు నెలలే అయింది, తర్వాతది 2022 నవంబర్‌లో. అంటే విరాళాలకు ఎటూ గిరాకీ లేని రోజులవి. పైగా ఫలితాలను ఒప్పుకున్న సభ్యుడికీ, చెల్లవన్నవాడికీ ఒకటే శిక్ష. తరగతిలో ఒకడు అల్లరి చేస్తే అందరినీ బెంచీ ఎక్కించే మాస్టారు గుర్తొస్తారు. అయితే న్యాయంగా చెప్పాలంటే, ఆలోచించుకోవడానికి తీసుకున్న గడువుగా మాత్రం ఇది పనికొచ్చింది. ఆరు నెలలు పోయాక జేపీ మోర్గాన్ విరాళాలు మళ్ళీ మొదలుపెడుతూ, ఆ 147 మందికి మాత్రం 2022 ఎన్నికల దాకా ఇవ్వం అంది. మొదటి దారిలో బయల్దేరి రెండో దారిలోకి వచ్చిందన్నమాట.

ఆ రెండో దారి: అలా ఓటేసినవాళ్ళకే ఆపడం. మారియట్, బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ అసోసియేషన్ మొదట ప్రకటించాయి, తర్వాత అమెజాన్, ఏటీ అండ్ టీ, వెరిజాన్ వగైరా. కార్డులు అమ్మే హాల్‌మార్క్ ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరు సెనేటర్లను ఇచ్చిన డబ్బు వెనక్కిమ్మని అడిగింది. వీటన్నిటిలో నాకు నచ్చినది రసాయనాల కంపెనీ డౌ చేసిన పని. ఒక పూర్తి ఎన్నికల కాలం ఇవ్వం అని రాసింది. అంటే ప్రతినిధికి రెండేళ్ళు, సెనేటర్‌కి ఆరేళ్ళ వరకు. కారణం ఉంది, పేర్లు ఉన్నాయి, గడువు ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా ఉద్యోగులతో మాట్లాడి, 2022 ఎన్నికలు అయ్యేదాకా ఇవ్వం అని తేదీ పెట్టింది. ‘ప్రస్తుతానికి ఆపాం’ అన్న కంపెనీకీ ‘ఫలానా రోజు దాకా ఆపాం’ అన్న కంపెనీకీ తేడా ఏమిటంటే, రెండోదాన్ని మాట తప్పితే పట్టుకోవచ్చు.

ఈ దారి మీద ఒక అభ్యంతరం ఉంది, కొట్టిపారేసేది కాదు. ఫలితాల మీద అభ్యంతరం చెప్పడం కొత్తా? 2005 జనవరిలో ఒహాయో ఓట్ల మీద డెమొక్రాట్లు కూడా చెప్పారు. ఒక సెనేటర్, 31 మంది ప్రతినిధులు అలాగే ఓటేశారు. అప్పుడు ఎవరూ విరాళాలు ఆపలేదే? నా జవాబు ఇది. 2004 ఎన్నికలో ఓడిన అభ్యర్థి జాన్ కెర్రీ పోలింగ్ మర్నాడే ఓటమి ఒప్పుకున్నాడు. పీఠం చేతులు మారుతుందా లేదా అన్న ప్రశ్నే లేదు. 2020లో ఓడిన ట్రంప్ ఒప్పుకోలేదు, గుంపు ఆ ఫలితాన్ని ఆపాలన్న డిమాండ్‌తో లోపలికొచ్చింది, ఆ గుంపును బయటికి పంపిన కొన్ని గంటలకే ఆ డిమాండ్‌కు అనుకూలంగా ఓటు పడింది. చేసిన పని పేరు ఒకటే కావచ్చు, దాని బరువు ఒకటి కాదు. తర్వాత 2022 డిసెంబర్‌లో చట్టం మార్చి, ఇలాంటి అభ్యంతరం చర్చకు రావాలంటే రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యుల సంతకాలు ఉండాలన్నారు. అంతకుముందు ఒక సెనేటర్, ఒక ప్రతినిధి చాలు.

మూడో దారి: దుకాణమే మూసేయడం. షేర్ల బ్రోకరేజీ కంపెనీ చార్లెస్ ష్వాబ్ జనవరి మధ్యలోనే తన పీఏసీని మూసేస్తున్నట్టు చెప్పి, మిగిలిన డబ్బును సేవా సంస్థలకు, నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడ్డ చారిత్రక కాలేజీలకు ఇచ్చేసింది. ఇది వింత పనేమీ కాదు. ఐబీఎంకీ, యాపిల్‌కీ పీఏసీలే లేవు, అవేమీ మూతపడలేదు. ఈ దారిలో ఎవరినీ వేలెత్తి చూపడం ఉండదు, కాబట్టి ఆ 147 మందికి ప్రత్యేకంగా తగిలేదీ ఉండదు. కానీ మళ్ళీ మొదలుపెట్టాలంటే పునాది నుంచి కట్టాలి. రెండో దారిలో ఒక బోర్డు మీటింగ్ చాలు.

నాలుగోది: ఇస్తూనే ఉండటం. టయోటా ఈ దారి పట్టింది. ఒక్క ఓటును బట్టి సభ్యులను తూచలేం అంది. ఆ 147 మందిలో 30 మందికి పైగా ఇచ్చిన లెక్కలు 2021 జూన్‌లో బయటికొచ్చాయి. గోల మొదలై, ఉద్యోగులూ కస్టమర్లూ నిలదీసేసరికి జులైలో ఆపుతున్నాం అంది. 2022లో మళ్ళీ మొదలుపెట్టింది. ఇవ్వడం తప్పని తేలలేదు, ఆపడం ఒప్పని నమ్మలేదు, ఎటు గాలి వీస్తే అటు. అసలు నాలుగో దారిని చివరిదాకా సమర్థించి నిలబడినవాళ్ళు తక్కువ. ఉంటే కనీసం వాళ్ళ లెక్క స్పష్టంగా ఉండేది. ఆ పని చేసింది వ్యాపార సంస్థల సంఘం అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్. 2021 మార్చిలో, ఈ ఓటు ఒక్కదాన్ని బట్టే ఎవరినీ దూరం పెట్టం అని తన సభ్య కంపెనీలకు రాతపూర్వకంగా చెప్పింది. నేను ఒప్పుకోను గానీ, దాచలేదు.

ఇంతకీ ఎవరికైనా నొప్పి తెలిసిందా? అభ్యంతరాలకు ముందు నిలిచిన సెనేటర్ జాష్ హాలీ, ప్రతినిధి మార్జొరీ టేలర్ గ్రీన్ 2021 మొదటి మూడు నెలల్లో చెరో 30 లక్షల డాలర్లు, ఆ పైన పోగుచేశారు. ఎక్కువ భాగం మామూలు మనుషుల దగ్గర్నుంచే. వాళ్ళ ముందు 5,000 డాలర్ల చెక్కు ఏ మూలకి? నొప్పి తెలిసేది టీవీలో కనిపించని సభ్యుడికి. నియోజకవర్గం బయట ఎవరికీ పేరు తెలియదు, ఆన్‌లైన్‌లో జనం డబ్బు కుమ్మరించరు, ఏటా పీఏసీ చెక్కుల మీదే బండి నడుస్తుంది. ఆ 147 మందిలో ఇలాంటివాళ్ళు తక్కువేమీ కాదు. రెండో దారికి ఉన్న బలమంతా వీళ్ళ మీదే.

అయితే నాలుగు దారులకీ ఒకే చోట చిల్లు ఉంది. పీఏసీ డబ్బు కంపెనీ రాజకీయ ఖర్చులో చట్టం వెలుగు పడే మూల మాత్రమే. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అభ్యర్థితో కలవకుండా విడిగా చేసే ప్రచారానికి కంపెనీ ఖజానా నుంచి ఎంతైనా పెట్టొచ్చు. వాణిజ్య సంఘాలకు చందా కట్టొచ్చు, అవి ఎవరి డబ్బు ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. రాష్ట్రాల స్థాయి పార్టీ సంఘాలకూ ఇవ్వొచ్చు. ఇది కాగితం మీద మాట కాదు. కంపెనీల విరాళాలు తీసుకునే రిపబ్లికన్ అటార్నీ జనరల్స్ (రాష్ట్ర ప్రభుత్వాల ముఖ్య న్యాయవాదులు) అసోసియేషన్‌కి అనుబంధ సంస్థ ఒకటి ఉంది. జనవరి 6న క్యాపిటల్‌కి కవాతుగా రమ్మని జనానికి రికార్డు చేసిన ఫోన్ కాల్స్ పంపింది ఆ సంస్థే. గొడవ బయటపడ్డాక అసోసియేషన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ రాజీనామా చేశాడు. కార్పొరేట్ డబ్బుకీ ఆ రోజు గుంపుకీ మధ్య ఇంత దగ్గరి దారం ఇంకెక్కడా కనబడదు. అది ఏ కంపెనీ పీఏసీ పుస్తకాల్లోనూ లేదు.

ఇంకో తలుపు అధ్యక్షుడి ప్రమాణ స్వీకారోత్సవ నిధి. దీనికి పరిమితి లేదు, ఖజానా నుంచి నేరుగా ఇవ్వొచ్చు. 2025లో ట్రంప్ నిధికి దాదాపు 24 కోట్ల డాలర్లు వచ్చాయి. 2021లో ఆ సభ్యులకు ఆపిన అమెజాన్ పది లక్షలు ఇచ్చింది. ఆపి, మొదలుపెట్టిన టయోటా కూడా పది లక్షలు. 2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే ట్రంప్ జనవరి 6 కేసుల్లో సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టి, మరో 14 మంది శిక్ష తగ్గించాడు. 22 ఏళ్ళు పడ్డ ప్రౌడ్ బాయ్స్ ముఠా నాయకుడు ఎన్రీకే టారియో క్షమాభిక్షతో, 18 ఏళ్ళు పడ్డ ఓత్ కీపర్స్ ముఠా నాయకుడు స్టీవర్ట్ రోడ్స్ శిక్ష తగ్గింపుతో బయటికొచ్చారు. కోర్టులు చూసుకున్న భాగం కూడా అలా చెరిగిపోయింది.

అందుకని ఏది మేలు అంటే, 2021 జనవరిలో అడిగుంటే డౌ దారే అనేవాణ్ణి. కారణం, పేరు, గడువు మూడూ స్పష్టంగా ఉన్న శిక్ష అది. ఇప్పుడు అడిగితే ష్వాబ్ దారి అంటాను. రెండో దారి నిలబడాలంటే కంపెనీకి ఏళ్ళ తరబడి కోపం ఉండాలి, పన్ను బిల్లు సభలోకి వచ్చిన రోజున కూడా ఉండాలి. చాలా కంపెనీలకు అది ఒక్క ఎన్నికల దాకానైనా లేదు. పీఏసీ లేని కంపెనీకి కోపంతో పనిలేదు. కాకపోతే పీఏసీ మూసి వాణిజ్య సంఘాల చందా గుట్టుగా పెంచితే అది మొదటి దారి కన్నా అన్యాయం. కాబట్టి మూసేటప్పుడే, ఏ సంఘానికి ఎంత కడుతున్నామో ఏటా వెబ్‌సైట్‌లో పెడతాం అన్న మాట కూడా కలిపి రాయాలి. కొన్ని పెద్ద కంపెనీలు స్వచ్ఛందంగా ఇప్పటికే పెడుతున్నాయి. అందరూ పెట్టాలని నియమం తేకుండా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ చేతులు 2015 చివర్లో బడ్జెట్ బిల్లులోని ఒక వాక్యంతో అమెరికా కాంగ్రెసే (పార్లమెంటే) కట్టేసింది.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట జీతం నుంచి నెలకు కొంత పీఏసీకి కోసుకోమని ఫారం వచ్చేది. ఎవరెవరికి ఇచ్చారో చూడొచ్చా అని అడిగితే, ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది చూసుకోమన్నారు. నిజమే, ఉంది. పావుగంటలో దొరికింది. సంఘాల చందాల సంగతి అడిగాను. దానికి జవాబు రాలేదు, నేను ఫారం నింపలేదు.