బర్కిలీ ఎర్త్ ఉష్ణోగ్రత డేటా: అనుమానించేవాళ్లే ముందు చూడాల్సింది

భూతాపం లెక్కలపై అనుమానంతోనే భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ 2010లో బర్కిలీ ఎర్త్ అనే ఈ ఉష్ణోగ్రత రికార్డుల ప్రాజెక్టు మొదలుపెట్టారు. నగరాల వేడి, నాసిరకం స్టేషన్లు, నచ్చిన రికార్డులే ఏరుకోవడం, డేటా సవరణలు: విమర్శకుల ప్రశ్నలివే. 2012లో వేడెక్కడం నిజమేనని, దానికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమని ఆయనే ఒప్పుకున్నారు. ఉచితంగా దొరికే ఈ డేటాకు అంతకంటే మంచి యోగ్యతాపత్రం అక్కర్లేదు.

పద్ధతి నాకు బాగా నచ్చింది. స్టేషన్ చోటు మారినా, రికార్డులో హఠాత్తుగా తేడా వచ్చినా పాత అంకెలను చేత్తో దిద్దరు. అక్కడ రికార్డును కోసి, రెండు వేర్వేరు స్టేషన్లుగా లెక్కిస్తారు. పూర్తిగా గ్రామీణ స్టేషన్లతోనూ విడిగా చూశారు. ప్రపంచ ధోరణి పెద్దగా మారలేదు.

టెక్స్ట్ ఫైల్ తెరిచేటప్పుడు % గుర్తుతో మొదలయ్యే వరుసలు వదిలేయండి. మొదట సంవత్సరం, నెల, తర్వాత తేడా (ఆధార కాలపు సగటు కంటే ఎంత ఎక్కువో, తక్కువో), అనిశ్చితి (ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో). చాలామంది పొరబడేది వార్షిక సగటు దగ్గర: జనవరి–డిసెంబర్ సగటు జూన్ వరుసలో ఉంటుంది. డిసెంబర్ వరుస తీసుకుంటే సగం వచ్చే ఏడాదిది కలుస్తుంది. ఇక్కడ ఆధార కాలం 1951–1980. ఇలాంటిదే అయిన బ్రిటన్ ఉష్ణోగ్రత డేటా హాడ్‌క్రట్‌ది 1961–1990. ఒకే ఆధారానికి మార్చకుండా రెండు గీతలూ పక్కపక్కన పెట్టి "తేడా ఉంది" అనడం తప్పు.

లోపమూ ఉంది. మ్యాపు డేటాలో భూమిని విడగొట్టిన ఒక్కో గ్రిడ్ గడి ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఏ బస్తీ ఎంత వేడెక్కిందో ఇందులో వెతకొద్దు. 1850కి ముందు అంకెలు ఎక్కువగా యూరప్ స్టేషన్లవి, అనిశ్చితి పట్టీ లేకుండా వాటిని గీయకండి.