షార్ట్ న్యూస్ యాప్: ఊరి వార్తలకు మేలు, బ్రేకింగ్ న్యూస్‌కు కష్టం

మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. కిరాణా షాపు నడుపుతాం. పొద్దున పేపరు తిరగేసే తీరిక ఉండదు కాబట్టి తెలుగులో షార్ట్ న్యూస్ ఇచ్చే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కో వార్త ఒక్క స్క్రీన్‌లో అయిపోతుంది, వేలితో పైకి తోస్తే ఇంకోటి వస్తుంది. జిల్లా, మండలం ఎంచుకుంటే మన చుట్టుపక్కల సంగతులు ముందు కనిపిస్తాయి. పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఈ తరహా యాప్‌లలో చాలావాటికి వర్తిస్తాయి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు మా కాలనీలోకి వచ్చేశాయి. కరెంటు లేదు, టీవీ లేదు, పేపరు వేసే అబ్బాయి వచ్చే దారే లేదు. పక్కింటివాళ్ల మేడ మీద కూర్చున్నాం. సిగ్నల్ వచ్చిపోతూ ఉండేది. వీడియో ఒక్కటీ ఆడేది కాదు గానీ, నాలుగు లైన్ల వార్త మాత్రం తెరుచుకునేది. పడవలు ఎటు నుంచి వస్తున్నాయో, ఫ్లైఓవర్ దగ్గర పాలూ మంచినీళ్లూ పంచుతున్నారో లేదో దాంట్లోనే తెలిసింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందన్నదీ అందులోనే చదివాం. ఆ వార్తలు పంపినవాళ్లు మా ప్రాంతపు కంట్రిబ్యూటర్లే, వాళ్లూ ఆ నీళ్లలోనే తిరిగారు. వాళ్ల రుణం మర్చిపోలేను.

మామూలు రోజుల్లోనూ కరెంటు కోత వేళలు, ఇంటర్ ఫలితాలు, బంగారం ధర చూడడానికి బాగానే పనికొస్తుంది. యాడ్స్ ఎక్కువే, భరించవచ్చు.

భరించలేనిది వేరే ఉంది. ఆర్మీ వాళ్లు కూడా వచ్చి బుడమేరు గండ్లు పూడ్చారు. నీళ్లు తీశాయి. బురద కడుక్కుని, అప్పు తెచ్చి షాపులోకి మళ్లీ సరుకు దింపాం. అప్పుడొక రాత్రి ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. కట్ట మళ్లీ తెగిందని నోటిఫికేషన్. తెరిచి చూస్తే ఏ ఊరి దగ్గర తెగిందో లేదు, ఎన్ని గంటలకో లేదు, ఏ అధికారి చెప్పారో లేదు. ఫొటో మొదటిరోజు వరదది. వీధి మొత్తం రోడ్డు మీదకొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తినవాళ్లున్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిణ్ని ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. బియ్యం బస్తాలు మా ఆయన ఒక్కరే మోశారు. కట్ట తెగలేదు, పుకార్లు నమ్మొద్దని అధికారులు చెప్పాక వెళ్లి చూస్తే యాప్‌లో ఆ వార్తే లేదు! తప్పు జరిగిందన్న ఒక్క మాట కూడా పెట్టలేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. పేపరులో తప్పు పడితే మర్నాడు ఓ మూల చిన్న అక్షరాల్లోనైనా సవరణ వేస్తారు. వేయకపోయినా, తప్పుగా అచ్చయిన పేపరు మన చేతిలో ఉంటుంది, తీసుకెళ్లి అడగొచ్చు. యాప్‌లో తీసేస్తే అడగడానికి ఆధారమే మిగలదు. ముందు చదివి భయపడినవాళ్లకు అది అబద్ధమని చెప్పే నోటిఫికేషన్ వెళ్లదు. భయపెట్టడానికి మోగిన ఫోన్ ధైర్యం చెప్పడానికి ఎందుకు మోగదు?

మా బాబాయి చాలా ఏళ్లు పేపరుకు విలేకరిగా పనిచేశారు. యాక్సిడెంట్ వార్త రాసినా స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆసుపత్రిలో కనుక్కున్నాకే డెస్క్‌కు పంపేవారట. అందులో ఒక్కటి తగ్గినా సబ్ ఎడిటర్ తిప్పి పంపేవారట. రాత్రి ఎడిషన్ వేళ దాకా దానికి టైమ్ ఉండేది. ఇప్పుడు ఎంతమంది తెరిచి చూస్తే అంత యాడ్ డబ్బు, పక్క యాప్ కంటే నిమిషం ముందుండాలి. ఆ నిమిషం కోసం మానేస్తున్నది ఆ ఒక్క ఫోన్ కాలే.

2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు పోయారని పుకారు ఫోన్లలో ఊరంతా తిరిగింది. ఉగాది ముందురోజు ఆ పెద్దాయన తానే వీడియోలో కనిపించి బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. అంత వయసులో, అనారోగ్యంలో ఉన్న మనిషికి అది ఎంత క్షోభ! 2025 జులై 13న ఆయన నిజంగానే కన్నుమూసినప్పుడు మా ఆయన వెంటనే నమ్మలేదు. టీవీ పెట్టి నాలుగు ఛానెళ్లు తిప్పాకే సరే అన్నారు.

ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడూ మా కంట్రిబ్యూటర్లకే. యాప్ తీసెయ్యమని ఎవరికీ చెప్పను, వానాకాలంలో మాలాంటివాళ్లకు అది కావాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సినిమా, రాజకీయం నోటిఫికేషన్లు ఆపేసి మీ మండలానివి మాత్రం ఉంచుకోండి. వార్తలో చోటు, టైమ్, చెప్పినవాళ్ల హోదా లేకపోతే గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి, ముందు కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి అడగండి. తీసేసిన వార్తలన్నీ ఎందుకు తీశారో రాసి కనిపించే పేజీ ఒకటి యాప్‌లో పెట్టాలని కంపెనీకి మెయిల్ పెట్టాను. ఆ పేజీ వస్తే నాలుగో స్టార్ కూడా ఇస్తాను.