మైక్రోగ్రీన్స్ గదికి ఏ లైట్లు మేలు: ట్యూబులా, ప్యానెలా, 24 వోల్టుల స్ట్రిప్పులా?

ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంది, మైక్రోగ్రీన్స్ (మొలక దశలోనే కోసి తినే ఆకుకూరలు) పెంచుదామని నాలుగు అరల ఇనుప ర్యాక్ కొన్నాం, లైట్లు ఏవి పెట్టమంటారు అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు. అందరికీ కావాల్సింది రెండే: మొక్క ఎంత బాగా వస్తుంది, బిల్లు ఎంత వస్తుంది. నేను వాటికంటే ముందు ఇంకోటి చూస్తాను. తడి ట్రేల పైన 230 వోల్టుల జాయింట్లు ఎన్ని ఉన్నాయి?

పోయిన వానాకాలం దాకా నాకూ ఈ ఆలోచన లేదు. ఒకరోజు మెంతి ట్రేల మీద నీళ్లు స్ప్రే చేసి, కింది అర చూద్దామని వంగుతూ ర్యాక్ పట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమంది. కాళ్లకి రబ్బరు చెప్పులు ఉన్నాయి కాబట్టి అంతటితో పోయింది. టెస్టర్ తెచ్చి పెడితే ర్యాక్ ఏ కాలికి ఆనించినా వెలుగుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక్కో ట్యూబు విప్పుకుంటూ పోతే, రెండో అరలో ట్యూబుకీ ట్యూబుకీ మధ్య కనెక్టరులో నీటి చుక్క కనిపించింది. ఆ తడి పక్కనున్న ఇనుప క్లిప్పు దాకా పాకింది. పోనీ ర్యాక్‌కి ఎర్త్ వైరు కలుపుదామని త్రీపిన్ సాకెట్ విప్పితే, పై రంధ్రం వెనకాల వైరే లేదు. అద్దె ఇల్లు, ఎన్నేళ్లుగా అలా ఉందో!

ఎంసీబీ (బోర్డులో దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్చు) ఉంది కదా, పడిపోదా అనుకునేవాళ్లే ఎక్కువ. 16 ఆంపియర్ల ఎంసీబీ ఓవర్‌లోడ్‌కో షార్ట్ సర్క్యూట్‌కో పడుతుంది. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కరెంటు చాలు, అంత చిన్న లీకేజీని అది పట్టించుకోదు. పట్టించుకునేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే క్షణంలో కట్ చేస్తుంది. రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. కింద చెప్పిన వాటిలో ఏది కొన్నా ముందు ఇది పెట్టించండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పాత ఇళ్లలో న్యూట్రల్ వైర్లు కలిసిపోయి ఉంటే అది మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. అలాంటప్పుడు వైరింగ్ సరిచేయించాలి గానీ ఆర్‌సీసీబీని తీసేయకూడదు.

ఇక లైట్ల సంగతి. అరకి రెండు చొప్పున 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఎనిమిది పెడితే 160 వాట్లు. రోజుకి 14 గంటల చొప్పున నెలకి 67 యూనిట్లు. చవక, పోతే వీధి చివర షాపులో దొరుకుతాయి, ఆవ, ముల్లంగి, మెంతి మొలకలకు ఆ వెలుతురు నిండుగా సరిపోతుంది. కానీ ప్రతి ట్యూబు చివరా 230 వోల్టులే, అదీ రోజూ రెండుసార్లు నీళ్లు చల్లే చోట.

మంచి వైట్ ప్యానెల్ ఒక్కో వాటుకి ట్యూబు కంటే దాదాపు రెట్టింపు వెలుతురు ఇస్తుంది. నాలుగు అరలకీ కలిపి 100 వాట్లు చాలు, నెలకి 42 యూనిట్లు. డ్రైవర్‌ని, అంటే 230 వోల్టులను ప్యానెల్‌కి కావాల్సిన డీసీగా మార్చే డబ్బాని, ర్యాక్ బయట గోడకి బిగించే రకమే తీసుకోండి. అయితే డ్రైవర్ బయట ఉంది కాబట్టి భయం లేదనుకోవద్దు. కొన్ని ప్యానెళ్లకు డ్రైవర్ నుంచి వంద వోల్టుల పైన డీసీ వెళ్తుంది. కొనే ముందు డ్రైవర్ మీద అవుట్‌పుట్ వోల్టేజీ చదవండి.

నేను చివరికి 24 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పులకు మారాను. 230 వోల్టులను 24 చేసే ఎస్ఎంపీఎస్ గది గుమ్మం పక్కన, నిలువెత్తున, మూత ఉన్న పెట్టెలో ఉంది. ర్యాక్ మీద 24 వోల్టులు తప్ప ఏమీ లేదు. తడిచేత్తో పట్టుకున్నా ఇప్పుడు టెన్షన్ లేదు, మా పాప కూడా వచ్చి స్ప్రే చేస్తోంది. ఎస్ఎంపీఎస్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి అదే 160 వాట్ల వెలుతురుకి మీటరు మీద 184 దాకా పడుతుంది, నెలకి 77 యూనిట్లు. షాక్ భయం పోయినా మంట భయం ఉంటుంది: ఏడు ఆంపియర్ల దాకా సన్న వైర్లలో పారితే అవి కాలతాయి. అందుకే అరకో ఫ్యూజు, అరకో స్విచ్చు పెట్టాను. మొలకెత్తే మూడు నాలుగు రోజులు ట్రేలకు చీకటే కావాలి కాబట్టి ఆ అర స్విచ్చు ఆపేస్తాను, యూనిట్లూ తగ్గుతాయి.

బిల్లు దగ్గర మాత్రం ప్యానెల్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి, ముఖ్యంగా తెలంగాణలో 200 యూనిట్ల గీత దగ్గర ఉన్నవాళ్లకు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ధరలు చూడండి. వాడకం 100 దాటి 200 లోపైతే మొదటి వందకి యూనిట్ 3.40 రూపాయలు, ఆపై 4.80. గీత దాటితే మొదటి 200 కూడా 5.10 అయిపోతుంది, ఆపైన 300 దాకా 7.70. ఇంటి వాడకం 150 అనుకుంటే ప్యానెల్‌తో 192, ఎనర్జీ చార్జీలు 782 రూపాయలు. ట్యూబులతో 217, అంటే 1,151. స్ట్రిప్పులతో 227, అంటే 1,228. గృహజ్యోతి జీరో బిల్లు వస్తున్న ఇంట్లో ఈ గీత దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. మా ఇంటి వాడకం వంద దగ్గరే కాబట్టి నాకు స్ట్రిప్పులు కుదిరాయి. మీది 150 పైన ఉంటే, డ్రైవర్ ర్యాక్ బయట బిగించి, ఆర్‌సీసీబీ కూడా పెట్టుకుని ప్యానెలే తీసుకోండి.

ఊదా రంగు లైట్ల జోలికి పోవద్దు. డబ్బా మీద వెయ్యి వాట్లని ఉంటుంది, తీసుకునేది వందే, ఆకు పసుపెక్కినా ఆ రంగులో తెలియదు. 600 వాట్ల సోడియం దీపం రోజుకి 12 గంటలకే నెలకి 216 యూనిట్లు, ఆపై దాని వేడికి ఏసీ. ఇంటి గదికి అది అనవసరం.

ఒక్క పని ఈరోజే చేయొచ్చు. ట్రేల పక్కన నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే తీసి గోడకి ఎత్తులో బిగించండి. వైరు సాకెట్ కంటే కిందికి జారి మళ్లీ పైకి ఎక్కేలా వదిలితే, దాని వెంట జారే నీళ్లు సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడతాయి.