ఆర్లీన్ బ్లమ్ ఆత్మకథ 'బ్రేకింగ్ ట్రెయిల్': పర్వతాల మీద ఆసక్తి లేనివాళ్లు కూడా చదవాలి

అమెరికన్ పర్వతారోహకురాలు బ్లమ్ రాసిన ఈ పుస్తకం 2005లో వచ్చింది, నేను చదివింది ఇప్పుడే. ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదా అనిపించింది.

ఆడవాళ్లు బేస్ క్యాంప్ వరకే రావొచ్చు, అక్కడ వంట పనిలో సాయం చేయొచ్చు అని అలాస్కాలోని డెనాలి పర్వతం ఎక్కే ఒక యాత్రవాళ్లు చెప్పేసరికి, 1970లో ఆడవాళ్లు మాత్రమే ఉన్న జట్టుతో అదే 6,190 మీటర్ల శిఖరం ఎక్కేసింది ఈవిడ. నాయకురాలు గ్రేస్ హోమన్ పైన జబ్బుపడితే క్షేమంగా కిందికి దించే బాధ్యత కూడా తీసుకుంది. ఆ పేజీలు చదువుతుంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

అసలు బరువంతా బ్లమ్ నాయకత్వంలో ఆడవాళ్ల జట్టు చేసిన 1978 అన్నపూర్ణ (నేపాల్ హిమాలయాలు) యాత్రలో ఉంది. టీషర్టులు అమ్మి డబ్బు కూడబెట్టారు, అక్టోబర్ 15న ఐరీన్ మిల్లర్, వెరా కొమార్కోవా ఇద్దరు షెర్పాలతో కలిసి 8,091 మీటర్ల శిఖరం చేరారు. రెండో ప్రయత్నంలో ఆలిసన్ చాడ్విక్, వెరా వాట్సన్ చనిపోయారు. నాయకురాలిగా ఆ భారం మోసిన మనిషి రాసింది కాబట్టే విజయం గురించి చదువుతున్నా మనసు కుదుటపడదు, నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చింది ఆ నిజాయితీయే.

చిన్నప్పటి సంగతులు మధ్యమధ్యలో వస్తుంటాయి, అవి కథ వేగాన్ని కాస్త తగ్గిస్తాయి. ఆవిడ కెమిస్ట్ కూడా, పిల్లల రాత్రి దుస్తులు త్వరగా అంటుకోకుండా వాడిన ట్రిస్ అనే రసాయనం ప్రమాదకరమని 1977లో శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్‌తో కలిసి రాసింది. ఆ భాగం ఇంకా ఉంటే బాగుండేది. ఐదుకి నాలుగున్నర.