మిద్దె తోటకు పొటాషియం సబ్బు: తడి ఉన్నంతసేపే దాని బలం

చిక్కుడు పాదుకు పేనుబంక పట్టినవారు ఈ సీసా నిస్సంకోచంగా కొనవచ్చు. కాయతొలిచే పురుగు కోసమైతే కొనవద్దు. నర్సరీలలో అరలీటరు సీసాల్లో దొరికే పొటాషియం సబ్బు ద్రావణం గురించి చెబుతున్నాను. కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణాలతో మొక్కల కోసమే చేసినది. గిన్నెలు తోమే ద్రవంలో ఉండేది డిటర్జెంటు. అది ఆకు మీది మైనపు పొరను కడిగేసి అంచులను మాడుస్తుంది.

హైదరాబాదులో మా మిద్దె మీద చిక్కుడు లేత కొసలకు నల్లగా అతుక్కున్న పేనుబంక మొదటి పిచికారీకే చాలావరకు పోయింది. వంగ ఆకుల అడుగున తెల్లదోమ పిల్లపురుగులూ తగ్గాయి. మందార మీది పిండినల్లి మాత్రం మొండిది. దాని ఒంటి మీది మైనపు పొడి నీటిని అంటనివ్వదు. పాత టూత్ బ్రష్షుతో రుద్ది ఆ తర్వాత పిచికారీ చేస్తేనే లొంగింది. గుడ్ల మీద సబ్బు అంతగా పనిచేయదు కనుక వారం తిరగకుండా మళ్లీ కొట్టాలి. చీమలనూ అదుపు చేయాలి. పిండినల్లి విసర్జించే తియ్యని జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి.

సీసా మీద 'పదిహేను రోజుల రక్షణ' అని అచ్చువేశారు. నాకు కోపం వచ్చింది. ఈ సీసాకు రేటింగులో అయిదు నక్షత్రాల్లో ఒకటి తగ్గించింది అందుకే. సబ్బు నీళ్లు పురుగుకు నేరుగా తగిలితేనే దాని మెత్తని చర్మం దెబ్బతిని, ఒంట్లో తడి ఇంకిపోయి చస్తుంది. ఆకు మీద ఆరిన సబ్బుకు ఏ శక్తీ ఉండదు. నాకు నచ్చిన గుణం ఇదే. ఆరిన తర్వాత అక్షింతల పురుగులు వచ్చి మిగిలిన పేనుబంకను భయం లేకుండా తినవచ్చు. ఉన్న మంచిని చెప్పకుండా లేనిదాన్ని అమ్మడం ఎందుకు?

నీటి గురించి లేబులు మీద ఒక్క ముక్క లేదు. మా బోరు నీటిలో కలిపితే విరిగిన పాలలా తెల్లని తెట్టు కట్టి స్ప్రేయరు మూసుకుపోయింది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకుంటాయి. వాననీరు గానీ, ఆర్‌ఓ నీరు గానీ వాడండి. లీటరుకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి, 20 దాటించవద్దు. ఎండ దిగాక, ఆకుల అడుగు బాగా తడిసేలా కొట్టాలి. మొక్కంతటికీ కొట్టే ముందు రెండు ఆకుల మీద చల్లి మర్నాడు చూడండి; లేత ఆకులు కొన్ని దీన్ని తట్టుకోలేవు.