పెన్నా ఇసుకలో సన్‌ప్యాక్ విమానం: కొత్తవాళ్లకు పనికొస్తుందా?

నాది నెల్లూరులో మోటార్ వైండింగ్ షాపు. మా అక్క కొడుకు సెలవులకొచ్చి "మామా, విమానం ఎగరేద్దాం" అని పట్టుబడితే ఆన్‌లైన్‌లో ఒక ట్రైనర్ కిట్ (నేర్చుకునేవాళ్ల రిమోట్ విమానం) తెప్పించాం. ఎన్నికలప్పుడు కరెంటు స్తంభాలకు కడతారే, ఆ సన్‌ప్యాక్ షీటుతో చేసింది. రెక్క పైన ఉంటుంది, ఈ కొస నుంచి ఆ కొసకు 120 సెంటీమీటర్లు. ఫ్లైస్కై ఐ6 రిమోటు, 3 సెల్లుల 2200 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఛార్జరు విడిగా కొన్నాం. అన్నీ కలిపి 11 వేలు దాటింది. నెల రోజులు ఎగరేశాక రాస్తున్నా.

ముందు నాకు కోపం తెప్పించిన సంగతి. కిట్‌తో ఇచ్చిన కాగితంలో బ్యాలెన్స్ ఎక్కడ నిలవాలో రాయలేదు. కొత్తవాడికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ముందు అంచు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర రెండు వైపులా స్కెచ్‌పెన్‌తో చుక్క పెట్టి, రెండు చూపుడువేళ్ల మీద నిలబెట్టాం. తోక కిందికి వాలిపోయింది. బ్యాటరీని రెండు వేళ్ల మందం ముక్కువైపు జరిపితే సరిగ్గా నిలిచింది. అట్లాగే వదిలుంటే ముక్కు పైకెత్తి, వేగం పోయి, అక్కడే కూలేది.

మోటారు ఏ2212, 1000 కేవీ. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. ప్రొపెల్లర్ బిగించకుండా, షాఫ్టుకు టేపు ముక్క అంటించి తిప్పి చూస్తే ఎదురు దిక్కు తిరిగింది. మావాడు మోటారు చెడిపోయిందని కంగారుపడ్డాడు. "మన పంపుసెట్టు త్రీఫేజు మోటారు ఎట్లాగో ఇదీ అట్లాగే, మూడు వైర్లలో ఏ రెండైనా మార్చు" అన్నా. అంతే, సరిపోయింది. ఈ పరీక్ష మాత్రం ప్రొపెల్లర్ తీసేసే చెయ్యండి. 10 అంగుళాల ప్లాస్టిక్ అది, వేళ్లు తెగుతాయి.

సోమశిల నుంచి నీళ్లు వదలని రోజుల్లో పెన్నా అంతా ఇసుకే. పొద్దున ఆరింటికి, మనుషులు లేని చోట, రంగనాయకుల గుడి గాలిగోపురం దూరంగా కనబడుతుండగా గాలికి ఎదురుగా విసిరాం. తిన్నగా పైకి పోయింది. ఎత్తుకు చేరాక థ్రాటిల్ సగానికి తగ్గించి స్టిక్కు వదిలేశా. కాస్త ఒరిగింది, తనంతట తనే సర్దుకుంది. ఇందులో గైరో (ఒరిగితే తనే సరిచేసే సెన్సరు) లేదు. రెక్క కొసలు రెండూ కొంచెం పైకి లేపి ఉండటం వల్ల వచ్చిన గుణం అది. తర్వాత వేగం పోతే ఏమవుతుందో చూద్దామని మోటారు ఆపి, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్కు మెల్లగా లాగి చూశా. ముక్కు దించింది గానీ పక్కకు తిరగబడలేదు, తాడిచెట్టు ఎత్తు కూడా కోల్పోకుండా మళ్లీ గాలి పట్టుకుంది. కొత్తవాడికి కావాల్సింది ఈ ఓర్పే. కిట్ మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. రిమోటులో డ్యూయల్ రేట్ (స్టిక్కు నిండా నొక్కితే విమానం పలకలు ఎంత కదలాలన్న సెట్టింగు) 60 శాతానికి తగ్గించి మావాడి చేతికిచ్చా.

పోయేటప్పుడు బాగానే తిప్పాడు. మనవైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యాయి, ముక్కుతో ఇసుకలో దిగింది. బర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన "ఏంది సామీ ఇది, మా బర్రెలు బెదురుతుండాయి" అని అరిచాడు. దండం పెట్టి, అవి దాటిపోయిందాకా ఆగాం. రెక్కను రబ్బరు బ్యాండ్లతో కట్టడంలో ఉన్న తెలివి ఆ రోజు అర్థమైంది: బ్యాండ్లు ఊడి రెక్క పక్కన పడింది, చిన్న మడత కూడా లేదు. మోటారు బిగించిన ప్లైవుడ్ ముక్క మాత్రం ఊడి చేతికొచ్చింది, జిగురు తప్ప ఇంకో ఆధారం లేదు దానికి. మీరు కొంటే ముందే రెండు స్క్రూలు వేసుకోండి. ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలితే స్టిక్కు ఆ వైపుకే నొక్కమని చెప్పాక మావాడు మళ్లీ తడబడలేదు.

ఒంగోలు పోయినప్పుడు కొత్తపట్నం బీచిలోనూ ప్రయత్నించాం. తెల్లవారుజామున పర్వాలేదు. ఎండెక్కి సముద్రం గాలి మొదలైతే ఇంత తేలిక విమానం నిలవదు, సరుగుడు తోటలవైపు కొట్టుకుపోతుంది. పైగా సర్వోల్లో (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) సన్న ఇసుక చేరి కిర్రుకిర్రుమన్నాయి.

ఎక్కడైనా సరే, ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనేనా (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటేనా) అని చూసుకుని, 400 అడుగుల లోపు, కంటికి ఆనేంత దూరంలోనే ఎగరేయండి.

డబ్బుకు తగ్గ వస్తువే, నేర్చుకునేవాళ్లు కొనొచ్చు. ప్రొపెల్లర్లు మాత్రం కనీసం నాలుగు అదనంగా తెప్పించుకోండి. మేము రెండే తెప్పించాం. మూడో ఆదివారం ఆరున్నరకల్లా రెండూ విరిగిపోతే, నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీతో ఇంటికి తిరిగొచ్చాం.