ధవళేశ్వరం గురించి పాఠం చెప్పాలంటే నేను తెరిచే పుస్తకం: 2011 జిల్లా జనగణన హ్యాండ్‌బుక్

సోషల్ టీచర్లకు, ఇంట్లో కూర్చుని పిల్లల చేత ‘మన ఊరు’ ప్రాజెక్టు చేయించే అమ్మానాన్నలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. 2011 జనగణన తర్వాత ప్రతి జిల్లాకూ ఒక డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ వేశారు. తూర్పుగోదావరిది కూడా ఎ, బి అని రెండు భాగాలు. జనగణన వాళ్ల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. నేను ధవళేశ్వరంలో ఉంటాను, ఇక్కడి పిల్లలకే సోషల్ చెబుతాను.

ఈ పుస్తకం మీద నాకింత ఇష్టం ఎందుకంటే, మా ఊరిని ఎవరూ విడిగా చూడరు. రాజమండ్రి శివారు అంటారు, లేదంటే బ్యారేజీ అంటారు. వచ్చినవాళ్లు నీళ్ల దగ్గర ఫొటోలు దిగి, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వెళ్లిపోతారు. ఊళ్లోకి రారు. ఇందులో మాత్రం ధవళేశ్వరానికి తన పేరుతో తనకొక వరుస ఉంది. 2011 నాటికి జనాభా 44 వేల పైచిలుకు. అదే పట్టికలో వెనక్కి వెళ్తే పాత జనగణనల అంకెలూ, ఒక్కో పదేళ్లలో ఎంత పెరిగిందో ఆ శాతాలూ ఉంటాయి. పిల్లలు గ్రాఫ్ గీయడానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. రాజమండ్రి నగరం ఒక్కటే అయితే అప్పటికి 3 లక్షల 40 వేల పైన, శివార్లతో కలిపితే 4 లక్షల 70 వేల పైన. ఆ తేడా అంతా మాలాంటి ఊళ్లదే.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మనకు పంచాయతీ ఆఫీసు ఉంది కదా, మరి పట్టణం అని ఎందుకు రాశారు? జవాబు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, సెన్సస్ టౌన్ అంటే ఏంటో పుస్తకంలోనే ఉంది. జనాభా కనీసం 5 వేలు ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ప్రధానంగా పని చేసుకు బతికే మగవాళ్లలో 75 శాతం మందైనా వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. పాలన పంచాయతీదే అయినా, ఈ మూడూ ఉంటే లెక్కల్లో పట్టణమే. ఈ ఒక్క పేరా అర్థమైతే గోదావరి జిల్లాల్లో రోడ్డు పక్కన పెరిగిన ఊళ్లన్నీ అర్థమవుతాయి.

బి భాగంలో ఎవరు ఏ పని చేస్తారో చెప్పే పట్టిక ఉంది. గడులు నాలుగే: రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంట్లో చేసే చిన్న పరిశ్రమలవాళ్లు, మిగతా అందరూ. ఒకసారి ఆ పేజీ జిరాక్సులు పంచితే ముందు బెంచీ పిల్ల లేచి, “మేడం, మా నాన్నది ఏ గడండి?” అంది. వాళ్ల నాన్న గోదావరిలో వల వేస్తాడు. వేలు నాలుగో గడి మీద పెట్టి చూపించాను. పక్కనున్న అబ్బాయి వాళ్ల తాతయ్య కాలవ మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలే పనివాడిగా చేశాడు, ఆయనదీ అదే గడి. ఆటో తోలేవాళ్లు, రాజమండ్రి బట్టల షాపుల్లో నిలబడేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, అందరూ అక్కడే. నది పక్కన పుట్టిన ఊళ్లో నది మీద బతికేవాళ్లకు వేరే గడి లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. అందుకే ఆ నాలుగో గడిని విడగొట్టి, వీధి వీధికీ వెళ్లి అడిగి సొంత పట్టిక వేయమంటాను. పుస్తకంలో వీధుల వారీ లెక్కలు ఎలాగూ ఉండవు.

ఎ భాగం మొదట్లో జిల్లా భౌగోళికం మీద వివరంగా రాశారు. కానీ అది జిల్లా మొత్తానికి. మా ఊరికి వచ్చేసరికి వర్షపాతం, ఉష్ణోగ్రతలు, ముఖ్యమైన చోట్లకు దూరాలు, అంతే. పాపికొండలు దాటి వచ్చిన గోదావరి మా దగ్గరే గౌతమి, వశిష్ఠలుగా చీలుతుందని ఆ వరుస చూసి ఎవరికీ తెలియదు. డెల్టా మొదలయ్యేది ఇక్కడే. 1847లో మొదలుపెట్టి 1852 కల్లా కాటన్ ఆనకట్ట కట్టించాడంటే, ఈ చోటే ఎంచుకోవడానికి ఒక కారణం మా కొండల్లో రాయి చేతికందేంత దగ్గరలో ఉండటం. ఇప్పుడున్న బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, 175 గేట్లు. సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లు పోయేది దీని మీదనుంచే. ఊరి ఆకారమే దాన్నిబట్టి వచ్చింది: ఒకవైపు ఏటిగట్టు, ఒకవైపు కాలవ, వెనకాల జనార్దనస్వామి కొండ. పెరగాలంటే రాజమండ్రి వైపు తప్ప దారి లేదు. జనాభా ఎందుకలా ఒత్తుగా ఉందో ఈ పటం గీసి చూపిస్తేనే పిల్లలకు తెలుస్తుంది.

వరద సంగతీ ఆ వరుసలో కనపడదు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల్లాగా నోటికొచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద గురించి ఏ ఇంట్లో అడిగినా పెద్దవాళ్లు చెబుతారు. ఆ మాటలు కూడా రాయించి ప్రాజెక్టులో చేర్చండి.

వాడేటప్పుడు కొన్ని గుర్తుపెట్టుకోండి. పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది, పదో తరగతి లోపు పిల్లలకు మీరే విప్పి చెప్పాలి. ఫోన్లో చదవడం కష్టం, పట్టికలు అడ్డంగా చాలా వెడల్పు. మన ఊరి పేజీలు మాత్రం ప్రింట్ తీయించుకుంటే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది పాత జిల్లా పుస్తకం. 51 లక్షల 54 వేల మంది ఉన్న తూర్పుగోదావరి అది, దాని కేంద్రం కాకినాడ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా జిల్లా కేంద్రం రాజమండ్రి అయింది. అందుకని ‘జిల్లా కేంద్రానికి దూరం’ అన్న గడి చూసి అలాగే ఎక్కించకండి. ఒకప్పుడు కలెక్టరాఫీసులో పని పడితే పొద్దున్నే బస్సెక్కి కాకినాడ పోయేవాళ్లం, ఇప్పుడు ఆటోలో వెళ్లొస్తున్నాం.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఊళ్లో లేని సౌకర్యానికి దగ్గర్లో ఏ ఊరికి వెళ్లాలో, ఎంత దూరమో కూడా రాసి పెట్టిన పుస్తకం, అదీ ఉచితంగా, ఇంకెక్కడ దొరుకుతుంది? ఒకటి తగ్గించింది తెలుగులో లేనందుకు, పట్టణాల భౌగోళికాన్ని ఒక్క వరుసతో సరిపెట్టినందుకు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు కాబట్టి ఈ పీడీఎఫ్‌లు రెండూ ఇప్పుడే దించి స్కూలు కంప్యూటర్లో దాచుకోండి. కొత్త అంకెలు వచ్చిన రోజు పక్కన పెట్టి చూడటానికి కావాలి.